ఒక్క చుక్క కూడా ఒలకలేదు

అమ్మ మా ఇంటికొచ్చి రెండు నెలలైంది, డిమోయిన్ చలికి గడప దాటలేక ఒకటే గొణుగుడు. సీరియళ్లు అయిపోయాయి, ఊరగాయలు పెట్టడం అయిపోయింది, ఫ్రిజ్ సర్దిందే మూడుసార్లు సర్దింది. సరిగ్గా అప్పుడే మా పక్కింటాయన చుట్టల పెట్టె ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. అయోవాలో మంచు పడితే మా డ్రైవ్‌వే కూడా తన మిషన్‌తో ఊడ్చేసి పోయే మనిషి, డెబ్భై దాటాయి, నాలుగేళ్లుగా ఆ రుణం ఎలా తీర్చాలో నాకు తెలీట్లేదు. "నీ దగ్గర స్కానర్ ఉందటగా, ఇవి మా నాన్న ఫోటోలు, ఇటలీవి" అన్నాడు. ఓ ముప్పై నలభై ఉంటాయిలే అనుకుని సరేనన్నా. లెక్కబెడితే 143, నెగెటివ్ ముక్కలు వేరే.

వాళ్ల నాన్న అమెరికా సైన్యంలో 34వ డివిజన్. అయోవా, మిన్నసోటా, డకోటాల కుర్రాళ్ల నేషనల్ గార్డ్ డివిజన్ అది, అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగాక యూరప్‌కి మొదట పంపింది వీళ్లనే, 1942 జనవరిలో. వాళ్ల భుజం బ్యాడ్జీ పెట్టెలో అడుగున ఉంది, నల్ల కూజా ఆకారం మీద ఎర్ర ఎద్దు పుర్రె. కూజా అని నేను కవిత్వంగా అనట్లేదు, అది నిజంగా మెక్సికో వాళ్లు నీళ్లు పోసుకునే మట్టి కూజాయే, మొదటి ప్రపంచ యుద్ధం టైంలో న్యూమెక్సికో ఎడారిలో ట్రైనింగ్ అయినప్పుడు ఆ డిజైన్ పుట్టింది. అమ్మ చూసి "ఎద్దు పుర్రె భుజాన వేసుకుని యుద్ధానికెళ్లడమేంటిరా అపశకునం కాదూ" అంది.

పెట్టె తియ్యగానే ఘాటుగా వెనిగర్ వాసన. పాత ఫిల్మ్ లోపల్లోపల చెడిపోతుంటే అలాగే వస్తుంది, వాసనొచ్చిందంటే ఇక టైం ఎక్కువ లేదన్నట్టే, అందుకని ముందు నెగెటివ్‌లు పట్టుకున్నా. కెమెరా చిన్న కొడాక్, మడిస్తే జేబులో పట్టే రకం, రోల్‌కి 8 ఫోటోలు మాత్రమే. ప్రింటులు కూడా అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దవి అంతే, అంచులు రంపంతో కోసినట్టు ఉంటాయి చూడండి మన పాత పెళ్లి ఫోటోలకి, అవే అంచులు. అందులో మనిషి మొహం కంది గింజంత. స్కానర్‌లో రిజల్యూషన్ 2400 పెట్టి పెద్దది చేస్తే అప్పుడు కళ్లు కనిపిస్తాయి, గడ్డం కనిపిస్తుంది, కోటుకి ఊడిపోయిన బొత్తాం కూడా.

నాకు బాగా నచ్చింది ఫోటోల వెనకవైపు. కొన్నిటి మీద పెన్సిల్ రాత, కొన్నిటి మీద బాల్‌పెన్ రాత. రాత ఒకరిదే. మొదట్లో పట్టించుకోలేదు గానీ ఓ యాభై అయ్యాక బుర్రలో వెలిగింది, బాల్‌పెన్ అమెరికాలో షాపులో అమ్మకానికి వచ్చిందే 1945 అక్టోబర్‌లో, న్యూయార్క్‌లో, అప్పటికి ఇటలీలో యుద్ధం అయిపోయి దాదాపు ఆరు నెలలు. అంటే పెన్సిల్‌వి అక్కడ రాసుకున్నవై ఉండాలి, బాల్‌పెన్‌వి మాత్రం కచ్చితంగా ఆ తర్వాత రాసినవి. పెన్సిల్ రాతల్లో ఊరి పేరు ఒక్కటి లేదు, ఎందుకంటే ఇంటికి పంపే ప్రతి ఉత్తరం వాళ్ల ఆఫీసరే విప్పి చదివేవాడు, ఎక్కడున్నాడో రాయకూడదు, "ఇటలీలో ఎక్కడో" అనే రాసుకోవాలి. అందుకని పెన్సిల్‌లో "ఇవాళ ఎండ", "కొత్త బూట్లు", "వీడు నాకు 6 డాలర్లు బాకీ" ఇలాంటివి. బాల్‌పెన్‌తో కింద చోట్ల పేర్లు, వొల్టూర్నో నది, కసీనో, ఆంజియో, లివోర్నో. ఆరు డాలర్ల బాకీ ఫోటో కింద మాత్రం బాల్‌పెన్‌తో కూడా ఊరు రాయలేదు. "తీర్చలేదు" అని ఒక్క మాట.

ఇక ఈ 143లో ఆయన తీసినవి ఎన్ని, కొన్నవి ఎన్ని అన్నది ఇంకో చిక్కు. అమెరికన్ సైనికుల ఇటలీ ఆల్బమ్‌లు నెట్‌లో బోలెడు ఉంటాయి, నాలుగు చూస్తే తెలిసిపోతుంది, అన్నిట్లో ఒకే కొలోసియం, ఒకే పీసా గోపురం, ఒకే పాంపీ. వీధుల్లో సెట్లు సెట్లుగా అమ్మేవాళ్లు, సిగరెట్లకి కూడా ఇచ్చేవాళ్లు. ముసోలినీని మిలాన్‌లో పెట్రోల్ బంక్ దూలానికి తలకిందులుగా వేలాడదీసిన ఫోటో కూడా అలాంటిదే, 1945 ఏప్రిల్ 29న జరిగింది, ప్రింటులు వీధుల్లో పప్పుబెల్లాల్లా అమ్ముడుపోయాయి, ఆ రోజు మిలాన్ పొలిమేరల్లో కూడా లేనివాళ్ల పెట్టెల్లో కూడా ఉంటుంది. ఈ పెట్టెలోనూ ఉంది. పక్కింటాయన చిన్నప్పట్నుంచి వాళ్ల నాన్నే తీశాడని అనుకుంటున్నాడు, ఫ్రెండ్స్‌కి కూడా అలాగే చెప్పుకున్నాడట. పేపర్ వేరు, సైజు వేరు, ఆ చిన్న కెమెరాకి అది అవదు అని చూపించా. ఒక్క నిమిషం మాట్లాడలేదు. తర్వాత "పోనీలే, నేను ఆ ఫోటో చూసి పీడకలలు కనేవాణ్ణి" అన్నాడు.

మధ్యలో ఒక సంగతి. ఆయన మేనల్లుడొకడు ఇవి పాత మిలిటరీ సామాన్లు కొనే డీలర్‌కి చూపించాడట. ఆయనగారు ముసోలినీది, జర్మన్ రైలు ఫిరంగిది తీసుకుంటా, మిగతావి ఎవరో ముక్కూమొహం తెలీని మనుషులు, డబ్బులు రావు అన్నాడట. రైలు ఫిరంగి అంటే ఆంజియో యానీ, జర్మన్‌లు ఆంజియో తీరం మీదకి గుళ్లు కురిపించింది, గుండు ఒక్కోటి పావు టన్ను బరువు. 1944 జూన్‌లో చివితావెక్కియా పట్టుకున్నప్పుడు రైల్వే యార్డులో దొరికాయి, ఒకటి కాదు రెండు, ఇక ప్రతివాడూ ఆ గొట్టం ఎక్కి ఫోటో. నిజం చెప్పాలంటే పెట్టె మొత్తంలో నాకు బోర్ కొట్టిన ఫోటో అదే.

ముక్కూమొహం తెలీని మనుషుల దగ్గరే నేను వారం రోజులు ఆగిపోయా. యుద్ధం ఫోటోలు అంటే పేలుళ్లు ఉంటాయనుకుంటాం కదా, ఒక్కటీ లేదు. పేలుతుంటే ఫోటో తీసుకుంటూ ఎవడు కూర్చుంటాడు. అసలు సొంత కెమెరాలు ముందు వరసలోకి తేవద్దనే అనేవాళ్లు, ఫిల్మ్ ఇంటి దగ్గర్నుంచి పార్సిల్‌లో రావాలి, అందుకని దిగి వెనక్కి వచ్చినప్పుడు తీసుకున్నవే అన్నీ. హెల్మెట్‌లో నీళ్లు పోసుకుని గడ్డం గీసుకుంటున్నవాడు. బట్టలు ఉతికిపెట్టే ఇటాలియన్ ముసలావిడ, పక్కన సబ్బు పట్టుకుని నిలబడ్డ మనవరాలు, సబ్బు వీళ్లిచ్చిందే. కంచర గాడిద మీద కూర్చుని హీరోలా పోజు, ఇంకో ఫోటోలో అదే గాడిద వీణ్ణి చూడనట్టు అటు తిరిగిపోయింది. 1944 మార్చి 18న వెసూవియస్ అగ్నిపర్వతం పేలింది చూడండి, అది నాలుగు ఫోటోలు తీశాడు, రోల్‌లో సగం దానికే ఖర్చు పెట్టాడంటే ఎంత భయపడ్డాడో. ఆంజియోకి ఓడ ఎక్కడానికి నేపుల్స్ పక్కన ఎదురుచూస్తున్నారు అప్పుడు. సాన్ సెబాస్టియానో ఊరి మీదకి లావా నింపాదిగా వస్తుంటే జనం మంచాలు, పరుపులు మోసుకుపోతున్నారు, ఒకావిడ నెత్తి మీద కుట్టు మిషన్. పాంపీ దగ్గర ఎయిర్‌ఫీల్డ్‌లో అమెరికన్ బాంబర్లు ఎనభై దాకా వేడి బూడిదకి పాడైపోయాయి, జర్మన్‌లు కూడా అన్ని ఒక్కసారి కొట్టలేదని వాళ్లలో వాళ్లు జోకులేసుకునేవాళ్లట.

ఇప్పుడు అసలు ఫోటోకి వస్తా, దానికి కసీనో గురించి రెండు ముక్కలు చెప్పాలి. రోమ్‌కి పోయే దారికి అడ్డంగా కొండ, కొండ మీద సెయింట్ బెనడిక్ట్ 529 ప్రాంతంలో కట్టిన మఠం. 1944 జనవరి చివర్నుంచి ఈ 34వ డివిజన్ వాళ్లు మోకాల్లోతు బురదలో రాపిడో నది దాటి ఆ కొండలెక్కారు, మఠం ఇంకో వెయ్యి గజాల్లో ఉందనగా శక్తి అయిపోయింది. సుమారు 2,200 మంది పోవడమో గాయపడటమో జరిగింది. హవాయి నుంచి వచ్చిన జపనీస్ సంతతి కుర్రాళ్ల బెటాలియన్ కూడా వీళ్లతోనే ఉంది, పెట్టెలో వాళ్ల ఫోటోలు మూడు ఉన్నాయి. ఫిబ్రవరి మధ్యలో వీళ్లని దించి ఆ గుంటల్లోకి వేరే డివిజన్‌ని ఎక్కించారు. చలికి బిగుసుకుపోయి నడవలేక కొందర్ని స్ట్రెచర్ల మీద దించాల్సొచ్చింది.

ఆ ఎక్కిన వేరే డివిజన్ మనది. 4వ ఇండియన్ డివిజన్.

వాళ్లు పూర్తిగా కుదురుకోకముందే ఫిబ్రవరి 15న 200కి పైగా బాంబర్లు వచ్చి మఠాన్ని నేలమట్టం చేశాయి, అప్పటిదాకా లోపల జర్మన్ సైన్యం లేదు, శిథిలాలయ్యాక చక్కగా వచ్చి అందులో కూర్చున్నారు. మనవాళ్లు ఫిబ్రవరిలో, మళ్లీ మార్చిలో ఆ రాళ్ల మీద ఎంతమంది పోయారో. ఇటలీ మొత్తం మీద సుమారు 50 వేల మంది భారతీయ సైనికులు పనిచేస్తే 5,700 మందికి పైగా తిరిగి రాలేదు. మన పిల్లలకి స్కూల్లో ఇది ఒక లైను కూడా ఉండదు, నాకైతే లేదు.

సరే ఫోటో. బాల్‌పెన్‌తో "సాన్ మిచేలే" అని ఉంది, మనవాళ్ల సామాన్లు గాడిదల మీద కొండకి బయల్దేరే చోటు అది. పెన్సిల్‌తో పైన "ఇండియన్స్. మా తర్వాత వీళ్లు. ఒక్క చుక్క కూడా ఒలకలేదు". రాళ్ల గోడ పక్కన ముగ్గురు మనుషులు, రెండు గాడిదలు. ఇద్దరు నిలబడి ఎటో చూస్తున్నారు. మూడోవాడు గొంతుక్కూర్చుని, తల వెనక్కి వాల్చి, నీళ్ల సీసా నోటికి జానెడు పైకి ఎత్తి పట్టుకున్నాడు. పెద్దది చేసి చూస్తే సీసాకీ నోటికీ మధ్య నీళ్ల ధార సన్నటి తెల్ల గీతలా పడింది. చలికాలం మసక వెలుతురులో ఆ కెమెరాతో అది పడటమే ఆశ్చర్యం.

నేను ఊరికే స్క్రీన్ మీద పెట్టి వదిలేశా. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ అటువైపొచ్చింది. "ఒరేయ్, వీడు మనోడేరా" అంది.

"అమ్మా, ఇండియా అంతా అలాగే తాగుతారు" అన్నా.

"తాగితే తాగుతార్లే. ఆ కూర్చోడం చూడు. మన పొలం గట్టు మీద కూర్చున్నట్టు లేదూ?"

మాది తాడేపల్లిగూడెం వైపు. దగ్గర్లోనే మాధవరం, మిలిటరీ మాధవరం అంటారు, ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు. మా అమ్మమ్మ వైపు కూడా ఒకాయన ఉండేవాడు, మద్రాస్ సాపర్స్, అంటే రోడ్లు వేసి, బ్రిడ్జిలు కట్టి, మందుపాతరలు తీసే వాళ్లు. మేం చిన్నప్పుడు ఇటలీ తాతయ్య అనేవాళ్లం, నేను చాలా రోజులు ఇడ్లీ తాతయ్య అనుకున్నా, ఇడ్లీలంటే ఇష్టం కాబోలని, ఆయనకి అసలు ఇడ్లీ పడదని తర్వాత తెలిసింది. యుద్ధం గురించి అడిగితే రెండే చెప్పేవాడు, మంచు, కంచర గాడిదలు. "గాడిద జారిందంటే తాడు వదిలెయ్యాలిరా, వదలకపోతే నువ్వూ పోతావ్", అంతే, ఆ తర్వాత లేచి చుట్ట కోసం వెళ్లిపోయేవాడు. ఆయనకి ఉన్న ఫోటో ఒకే ఒక్కటి, బెంగుళూరు స్టూడియోలో, వెనకాల తెర మీద గీసిన మేడ మెట్లు, పూలకుండీ. అది కూడా గోదావరి వరదలప్పుడు తడిసి మొహం దగ్గర మరకైపోయింది. ఇక్కడ చుట్టల పెట్టెలో 143, అక్కడ తెర మీద పూలకుండీ. కుళ్లుగా అనిపించింది, దాచడమెందుకు.

4వ డివిజన్‌లో మద్రాస్ సాపర్స్ 12వ ఫీల్డ్ కంపెనీ ఉంది, అది నిజం. అందులో తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, కన్నడిగులు అందరూ ఉండేవాళ్లు, అదీ నిజం. కానీ అదే డివిజన్‌లో రాజస్థాన్ వాళ్లు, పంజాబీలు, గూర్ఖాలు, ఇంగ్లీషువాళ్లు కూడా ఉన్నారు. ఫోటోలో వాడి భుజం మీద ఏ గుర్తూ కనిపించట్లేదు, మొహం పైకెత్తి ఉంది కాబట్టి గడ్డం కింద భాగమే కనిపిస్తుంది. ఇటలీ తాతయ్య ఏ కంపెనీయో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. అంటే నా దగ్గర ఉన్నది ఒక గడ్డం కింద భాగం, ఒక గొంతుక్కూర్చోడం. దాన్ని పట్టుకుని ఫేస్‌బుక్‌లో "కసీనోలో తెలుగోడు" అని పెట్టేస్తే వేల లైకులు వస్తాయని తెలుసు. పెట్టను. అమ్మ మాత్రం ఫోన్‌లో అప్పటికే మా పిన్నికి చెప్పేసింది.

అసలు విషయం ఇంకోటి ఉంది, అది మా ఆవిడ పట్టుకుంది. "ఆ సీసా చూడండి, ఇండియన్ ఆర్మీది కాదు" అంది. నిజమే. మిగతా ఫోటోల్లో అమెరికన్‌ల నడుముకి వేలాడే క్యాంటీనే అది, మూతకి చిన్న గొలుసు, పైన గుడ్డ తొడుగు. అంటే ఫోటో తీసినవాళ్లే తాగమని ఇచ్చారు. వీడు ఎంగిలి చెయ్యకుండా ఎత్తి తాగాడు.

పక్కింటాయన వచ్చినప్పుడు ఇది చెబుదామని కూర్చున్నా. ఎంగిలికి ఇంగ్లీషులో మాట లేదు కదా, ఉమ్మి అంటే రోతగా ఉంటుంది, క్రిములు అంటే కరోనా గుర్తొస్తుంది. ఒకరి నోరు తగిలింది ఇంకొకరికి ఇవ్వకూడదు, తిరిగి ఇచ్చే సీసా కాబట్టి పెదవి తగలకుండా తాగాడు, అది మర్యాద, అని పావుగంట చెప్పా. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని "మా నాన్న ఇది సర్కస్ ఫీట్ అనుకున్నాడు. తమని నవ్వించడానికి చేశాడని చెప్పేవాడు" అన్నాడు.

మా ఆవిడ ఊరుకోదుగా. "మర్యాదే అని ఎలా చెప్తారు, తెల్లవాళ్లు నోరు పెట్టిన సీసాకి తను నోరు పెట్టకూడదని కూడా అయ్యుండొచ్చు, 1944 అది, మన ఊళ్లల్లో అప్పుడు ఎవరి గ్లాసు ఎవరు ముట్టుకునేవాళ్లో మీకు తెలీదా" అంది తెలుగులో. అమ్మ దానికి "చావుబతుకుల్లో ఉన్నోడికి మడేంటే" అంది. ఇద్దరూ చిక్కుడుకాయల మీదుగా ఓ పది నిమిషాలు వాదించుకున్నారు. నాకు ఇద్దరూ కరెక్టే అనిపించింది, అది అప్పుడు చెప్పే ధైర్యం లేదు. పక్కింటాయన ఏమంటున్నారని అడిగితే అదీ చెప్పా. "మరి ఏది నిజం?" అన్నాడు. గడ్డం కింద భాగం చూసి ఏం చెప్తాం.

ఆ నెగెటివ్ కత్తిరించని ముక్క, రెండు ఫ్రేములు కలిసే ఉన్నాయి. దాని పక్కదానికి పెట్టెలో ప్రింటు లేదు, ఆయన వేయించుకోలేదో పారేశాడో. లైట్‌కి ఎత్తి చూస్తే ఏవో నల్ల మచ్చలు, స్కాన్ చేస్తే తేలింది, కాళ్లు. అదే గోడ, గోడ పక్కన వరసగా నలుగురి కాళ్లు, బూట్లు మేజోళ్లు విప్పి ఆరడానికి చాపుకున్నవి. మొహాలు లేవు. వాచిపోయి, మడమల దగ్గర చర్మం నానిన కాగితంలా లేచిపోయి, ఒకడి బొటనవేలు నల్లగా. వారాల తరబడి తడి బూట్లలో ఉంటే వచ్చే జబ్బు, ట్రెంచ్ ఫుట్ అంటారు. పక్కింటాయన చాలాసేపు చూసి ఎడమవైపు నుంచి రెండోవి చూపించాడు. "ఇవి మా నాన్నవి. రెండు వేళ్లు ఉండేవి కాదు. గడ్డి కోసే మిషన్‌లో పోయాయని చెప్పాడు మాకు." ఫోటోలో వేళ్లు అయిదూ ఉన్నాయి. నల్లగా ఉన్నది ఆ కాలిదే.

నేను ఏమీ అనలేదు. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాకపోయినా అర్థమైపోయినట్టుంది, లేచి టీ పెట్టింది, ఆయన షుగర్ మనిషి అని తెలిసి కూడా రెండు చెంచాలు వేసింది.

టీ అయ్యాక ఆయన టేబుల్ మీదున్న వాటర్ బాటిల్ తీసుకుని "ఎలా పట్టుకోవాలి, నేర్పించమని మీ అమ్మనడుగు" అన్నాడు. అమ్మ సిగ్గుపడింది గానీ చూపించింది, తల వెనక్కి, గొంతు తెరిచి ఉంచాలి, ధార పడుతున్నప్పుడు మింగుతూనే ఉండాలి, మధ్యలో ఊపిరి తియ్యకూడదు. ఆయన జాగ్రత్తగా విన్నాడు, కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు, ఎత్తాడు. మొదటి ధార ముక్కులోకి, రెండోది చెవి పక్క నుంచి కాలర్‌లోకి, ఫ్లానెల్ చొక్కా బొడ్డు దాకా తడిసిపోయింది, దగ్గు ఆగట్లేదు, అమ్మ వీపు మీద చరుస్తూ "మెల్లిగా నాయనా మెల్లిగా" అంటోంది తెలుగులోనే, తనకన్నా పెద్దాయన్ని. దగ్గు తగ్గాక మళ్లీ బాటిల్ కోసం చెయ్యి చాపాడు.